ఫారంలో ఆ ఒక్క గడి

(హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో చిన్న పరిశ్రమలు నడుపుతున్న విశ్వాసులు, సంఘ కాపరుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం ఇక్కడ కూర్చున్నవాళ్లను చూస్తుంటే మాకు సంతోషంగా ఉంది. లేత్ మిషన్ ఆపేసి, చేతులకు అంటిన ఆయిలు కడుక్కుని నేరుగా వచ్చిన అన్నలున్నారు. యూనిఫారాలు కుట్టే అక్కలున్నారు. పౌడర్ కోటింగ్ షెడ్డు నడిపేవాళ్లు, ఫ్యాక్టరీ క్యాంటీన్లకు చపాతీలు పంపేవాళ్లు, హౌస్‌కీపింగ్ పనులకు మనుషుల్ని పెట్టేవాళ్లు ఉన్నారు. కృష్ణగిరి నుంచి, డెంకణికోట నుంచి, బర్గూరు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు.

"పాస్టర్లకు టెండర్లతో ఏం పని?" అని మమ్మల్ని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. ఆదివారం మీరు కానుక పెట్టెలో వేసే డబ్బు మేము తీసుకుంటున్నాం. ఆ డబ్బు ఏ పనిలోంచి వచ్చింది, ఆ పని మీకు ఎలా దొరికింది, ఏ పని మీకు దొరక్కుండా పోయింది అని అడగకుండా దశమభాగం మాత్రం లెక్కపెట్టుకుంటే మేము కాపరులం కాదు, వసూలుదారులం. అందుకే ఈ రోజు ఈ విషయం.

ఒక సంగతితో మొదలుపెడతాం. ఇక్కడి సిప్కాట్ వెనుక అద్దె షెడ్డులో రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషన్ పెట్టుకున్న సహోదరుడొకాయన ఉన్నాడు. పేరు చెప్పం. ఇరవై ఏళ్లు ఆపరేటరుగా చేసి, వచ్చిన డబ్బంతా పెట్టి సొంతంగా మొదలుపెట్టాడు. మాదిగపల్లెలో పుట్టినవాడు. తాత కాలంలోనే బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. ఆయన పనితనం చూసిన ఒక వెండరు పిలిచి చెప్పాడట: "బెంగళూరులో ప్రభుత్వ సంస్థకు పోయే సామాన్ల జాబ్ వర్క్ ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తీసుకుని రా. నువ్వు ఎస్సీ కదా, అలాగే పెట్టు. మాకూ లెక్కకొస్తుంది."

ఆయన ఆ రాత్రి ఫోన్ పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆధార్ అయింది, పాన్ అయింది, జీఎస్టీ నంబరు అయింది. ఆ తర్వాత ఒక గడి వచ్చింది. సామాజిక వర్గం ఏది అని. జనరల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ. ఆయన వేలు అక్కడ ఆగిపోయింది. "అయ్యగారూ, ఇక్కడ నేనేం పెట్టాల?" అన్నాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఈ ప్రసంగం ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు.

ముందు ఆ గడి వెనక ఉన్న చట్టం ఏమిటో చూద్దాం. 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం వచ్చింది. ఆ చట్టంలోని 11వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం 2012 మార్చిలో ఒక ఆదేశం జారీ చేసింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనే వస్తువుల్లో, సేవల్లో 20 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొనాలని దాని సారాంశం. 2019 ఏప్రిల్ 1 నుంచి దాన్ని 25 శాతానికి పెంచారు. అంటే 100 రూపాయలు ఖర్చు పెడితే 25 రూపాయలు మీలాంటివాళ్ల దగ్గర ఖర్చు పెట్టాలి. ఆ 25లో 4 రూపాయలు ఎస్సీ, ఎస్టీ యజమానుల పరిశ్రమలకు, 3 రూపాయలు మహిళల పరిశ్రమలకు వెళ్లాలి.

ఇది మన ఊరికి దూరమైన సంగతి కాదు. తమిళనాడు రక్షణ పారిశ్రామిక కారిడార్‌కు అయిదు కేంద్రాలు పెట్టారు. చెన్నై, కోయంబత్తూరు, సేలం, తిరుచిరాపల్లి, అయిదోది మన హోసూరు. నలభై కిలోమీటర్ల అవతల బెంగళూరులో హెచ్ఏఎల్ ఉంది, బీఈఎల్ ఉంది. వాటికి పెద్ద కంపెనీలు సరఫరా చేస్తాయి. పెద్ద కంపెనీకి వెండర్లు ఉంటారు. వెండరు కింద ఇంకో వెండరు. చివర్లో రెండు లేత్‌ల షెడ్డు. ప్రభుత్వ ఆర్డరు పొందిన పెద్ద కంపెనీ చిన్న పరిశ్రమకు ఇచ్చే సబ్‌కాంట్రాక్టును కూడా ఈ కొనుగోళ్ల లెక్కలో చూపించుకోవచ్చు. ఆ వెండరు "మాకూ లెక్కకొస్తుంది" అన్నది ఇందుకే. ఆయన దయతో అన్న మాట కాదు, దురుద్దేశంతో అన్నదీ కాదు. లెక్క కోసం అన్నాడు.

ఇప్పుడు ఎస్సీ పరిశ్రమ అంటే ఏది? ఒక్కడే యజమాని అయితే అతను ఎస్సీ అయి ఉండాలి. భాగస్వామ్యం అయితే, కంపెనీ అయితే కనీసం 51 శాతం వాటా ఎస్సీలది కావాలి. ఇంతవరకు తేలికే. కానీ ఎస్సీ ఎవరు అనేది ఈ కొనుగోలు విధానం చెప్పదు. అది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చెబుతుంది. అందులో మూడో పేరా ఉంది. మొదట హిందూ మతస్థులే ఎస్సీలు అన్నారు. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుల దగ్గర, ముస్లింల దగ్గర తలుపు మూసే ఉంది.

ఎస్టీల విషయంలో ఇలాంటి షరతు లేదు. డెంకణికోట కొండల్లోని ఇరుళ సహోదరుడు బాప్తిస్మం తీసుకున్నా ఎస్టీగానే ఉంటాడు. అతను షెడ్డు పెడితే ఆ 4 శాతంలో అతనికి చోటుంది. కొండ దిగి మాదిగపల్లెకు వస్తే, అదే బాప్తిస్మం తీసుకున్న మనిషికి చోటు లేదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటారు. ఒకే ఫారం నింపుతారు. ఒకరి గడి నిండుతుంది, ఇంకొకరిది నిండదు.

ఇది లేత్‌లతో మొదలైన కథ కాదు. ఈ పేరా మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ముఖ్యమైన కేసు ఒక చిన్న వ్యాపారిదే. మద్రాసులో రోడ్డు పక్కన కూర్చుని చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆది ద్రావిడ క్రైస్తవుడు. రోడ్డు మీద పనిచేసే చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చే పథకం పెట్టింది. పక్కనున్న హిందూ ఎస్సీలకు బంకులు వచ్చాయి. సూసైకి రాలేదు, క్రైస్తవుడని. అదే తోలు, అదే సూది, అదే ఎండ. 1985లో సుప్రీంకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది.

ఎందుకు కొట్టేసిందో మనం జాగ్రత్తగా వినాలి. మతం మారినా కులం పోలేదు అని చెప్తే చాలదు అంది కోర్టు. కొత్త మతంలో కూడా ఆ మనిషి అంతే తీవ్రమైన వివక్షను, అణచివేతను అనుభవిస్తున్నాడని చూపించాలి, అలా చూపించే సాధికారమైన ఆధారాలు మా ముందు లేవు అంది.

ఆధారాలు లేవా? ఉన్నాయి. ఎక్కడున్నాయి? మన సంఘాల్లో ఉన్నాయి. వేరువేరు సమాధి స్థలాల్లో ఉన్నాయి. ఏ వీధివాళ్లు ఏ వైపు కూర్చుంటారో అందులో ఉన్నాయి. "మా అమ్మాయిని ఆ పేటవాళ్లకు ఇవ్వం" అనే విశ్వాసి మాటలో ఉన్నాయి. వీటిని మనం ఏనాడైనా రాసిపెట్టామా? లేదు. బయటివాళ్లు వస్తే "క్రీస్తులో కులం లేదు" అని చెప్పాం. అది మన విశ్వాసం, నిజం. కానీ అది మన ఆచరణ కాదు. మనం విశ్వాసాన్ని సాక్ష్యంగా చూపించి ఆచరణను దాచిపెట్టాం. సూసై ఓడిపోవడంలో ప్రభుత్వం వాటా ఎంతుందో మాకు తెలుసు. సంఘం వాటా కూడా ఉందని ఈ రోజు ఒప్పుకోవడానికి మేము సిగ్గుపడటం లేదు. సిగ్గుపడాల్సింది దాచిపెట్టినందుకు.

మళ్లీ ఆ రాత్రికి వద్దాం. ఆ సహోదరుడి ముందు మూడు దారులున్నాయి. మన ఊళ్లలో మూడు దారులూ తొక్కినవాళ్లున్నారు, ఈ గదిలో కూడా ఉన్నారు. ఎవరినీ వేలెత్తి చూపడానికి చెప్పడం లేదు.

మొదటి దారి, ఎస్సీ అని పెట్టడం. చాలామంది ఇళ్లలో సర్టిఫికెట్ ఒక పేరుతో, బాప్తిస్మం ఇంకో పేరుతో ఉంటుంది. బీరువాలో ఒకటి, బైబిల్లో ఇంకొకటి. దీన్ని గురించి 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పుదుచ్చేరిలో గుమాస్తా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ కోరిన ఒక స్త్రీ కేసు అది. క్రైస్తవ విశ్వాసం ఆచరిస్తూ, రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అని కోర్టు అంది. కాబట్టి ఆ దారిలో వెళ్లినవాడు రిజిస్ట్రేషన్ పోగొట్టుకోవచ్చు, ఆర్డరు పోగొట్టుకోవచ్చు, కేసు ఎదుర్కోవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. పోటీ వెండరు ఎవడో సంఘం ముందు నిలబడి ఫోటో తీస్తాడేమోనన్న భయంతో ఆ మనిషి ఆరాధనకు రావడం తగ్గిస్తాడు. పిల్లలకు బాప్తిస్మం వాయిదా వేస్తాడు. సంఘం రిజిస్టరులో పేరు రాయొద్దంటాడు. మేము ఇవన్నీ చూశాం.

రెండో దారి, వేరేవాళ్ల పేరు. హిందూ ఎస్సీగా ఉన్న బావమరిదినో, స్నేహితుడినో కాగితం మీద 51 శాతం యజమానిగా చూపించడం. ఇది ఇంకా ప్రమాదం. చెక్కు మీద సంతకం అతనిది, చెమట మీది. గొడవ వస్తే షెడ్డే అతనిది అవుతుంది. పైగా ఇదే పద్ధతిలో పెద్ద కులాల కాంట్రాక్టర్లు మన పనివాళ్ల పేర్లు పెట్టి ఎస్సీ వాటా తినేస్తున్నారని మనమే ఫిర్యాదు చేస్తాం. వాళ్లు చేస్తే దోపిడీ, మనం చేస్తే తెలివి అనలేం.

మూడో దారి, ఉన్నది ఉన్నట్టు పెట్టడం. తమిళనాడులో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లను, ఏ తరంలో మారినా సరే, వెనుకబడిన తరగతుల్లో చేర్చారు. ఆంధ్ర, తెలంగాణల్లో బీసీ-సీ అంటారు. కానీ కేంద్ర కొనుగోళ్లలో బీసీలకు, మైనారిటీలకు విడిగా వాటా లేదు. విచిత్రం చూడండి. పీఎంఈజీపీ కింద అప్పు తీసుకుంటే ఎస్సీ, ఎస్టీలతో పాటు ఓబీసీలకు, మైనారిటీలకు, మహిళలకు కూడా ఎక్కువ సబ్సిడీ ఉంది. గ్రామాల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం. టామ్కో సంస్థ మైనారిటీలకు అప్పులిస్తుంది. అంటే మిషన్ కొనడానికి నువ్వు వెనుకబడినవాడివే. ఆ మిషన్ మీద పని అడిగితే మాత్రం నీకు వాటా లేదు. అప్పు దొరుకుతుంది, ఆర్డరు దొరకదు. అప్పు మాత్రమే దొరికి ఆర్డరు దొరకనివాడి గతి ఏమిటో బ్యాంకు నోటీసులు అందుకున్నవాళ్లకు మేము చెప్పక్కర్లేదు.

మా సహోదరుడు మూడో దారి పట్టాడు. ఆ ఆర్డరు ఆయనకు రాలేదు. ఈ మాట మేము దాచం. నిజం చెప్తే వెంటనే దీవెన వస్తుందని బోధించే బోధకులం కాదు మేము. నిజానికి ఖర్చుంటుంది. ఆ ఖర్చు ఒక్క మనిషి మీదే పడకుండా చూడటం సంఘం పని.

అయితే ఆ 4 శాతం తలుపు మూసి ఉందని మిగతా తలుపులన్నీ మూసి ఉన్నట్టు కాదు. ఇది చాలామందికి తెలియదు. తెలియకే తప్పు దారులు పడుతున్నారు. కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

ఒకటి. మిగిలిన 18 శాతంలో కులం అడగరు. మీరు సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే చాలు. 2025 ఏప్రిల్ 1 నుంచి మిషన్ల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, వార్షిక టర్నోవరు 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ పరిశ్రమే. ఈ గదిలో ఉన్నవాళ్లందరూ అందులోనే ఉంటారు. టెండరు కాగితాలు ఉచితంగా ఇవ్వాలి. ధరావతు, అంటే ఈఎండీ, కట్టక్కర్లేదు. ఆర్డరును విడదీసి ఇవ్వగలిగిన టెండరులో అతి తక్కువ ధర పెద్ద కంపెనీది అయినప్పుడు, మీ ధర దానికంటే 15 శాతం లోపు ఎక్కువగా ఉండి, మీరు ఆ తక్కువ ధరకు దిగడానికి ఒప్పుకుంటే ఆర్డరులో కొంత భాగం మీకు వచ్చే వీలుంది. పాత అనుభవం, పాత టర్నోవరు అనే షరతులను నాణ్యత తగ్గకుండా సడలించవచ్చని 2016లోనే చెప్పారు. అడగనివాడికి ఎవరూ సడలించరు. అడగాలి.

రెండు. ఆ 4 శాతానికి ఎస్సీ, ఎస్టీ పరిశ్రమలు టెండరులో పాల్గొనకపోయినా, షరతులకు, ధరకు సరిపోకపోయినా ఆ భాగాన్ని ఇతర చిన్న పరిశ్రమల నుంచి కొనవచ్చని ఆదేశంలోనే ఉంది. ఎస్సీ వాటా ఖాళీగా పోతే అది ఎవరికి చేరుతుందో ఆలోచించండి. కాబట్టి సర్టిఫికెట్ ఉన్న మన హిందూ ఎస్సీ బంధువులు టెండరు వేసేలా మనమే సాయపడాలి. జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్ 2016 నుంచి ఈ పని కోసమే ఉంది. వాళ్లకు వచ్చిన ఆర్డరులో జాబ్ వర్క్ మనకు రావచ్చు. అది బినామీ కాదు, పొరుగుతనం.

మూడు. మహిళల 3 శాతంలో కులమూ అడగరు, మతమూ అడగరు. యూనిఫారాలు కుట్టే అక్కలారా, ఇది మీది. అన్నలారా, మీకు కూడా ఒక మాట. భార్య పేరు పెట్టి ఆమెకు బ్యాంకు ఖాతా కూడా చూపించకుండా నడిపితే, ఇందాక బినామీ గురించి చెప్పింది మీకూ వర్తిస్తుంది.

నాలుగు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఏజెంటుకు రూపాయి ఇవ్వొద్దు. తయారీ, సేవలు అయితేనే ఈ కొనుగోలు విధానం వర్తిస్తుంది. కొని అమ్మే వ్యాపారానికి, కట్టడం పనుల కాంట్రాక్టులకు వర్తించదు. చేసే పనికి సరిపోయే కోడ్ ఎంచుకోండి. రంపం పట్టేవాడు వ్యాపారి అని పడితే అక్కడే అనర్హుడు అవుతాడు.

ఇది కేంద్ర సంస్థల సంగతి అని గుర్తుంచుకోండి. రాష్ట్ర శాఖలకు, కార్పొరేషన్‌కు వేరే నియమాలుంటాయి. కృష్ణగిరిలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

అయిదు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఆర్డరు తీసుకోకముందే రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఎందుకంటే బిల్లు ఆగినప్పుడు అదే మీ కవచం. చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. గడువులోగా చిన్న పరిశ్రమకు చెల్లించని సొమ్మును, చెల్లించేదాకా కొనుగోలుదారు ఆదాయపన్నులో ఖర్చుగా చూపించుకోలేడు. ఇందాక చెప్పిన సహోదరుడికి ఇంకో కంపెనీ దగ్గర ఏడు నెలల బిల్లు ఆగి ఉంది. సెక్షన్ నంబరు రాసి ఒక ఉత్తరం పంపాం. మూడో వారంలో డబ్బు వచ్చింది. ఆ ఉత్తరం రాయడానికి మాకు పట్టింది అరగంట. ఆ అరగంట మేము పదేళ్ల ముందే ఎందుకు ఇవ్వలేదు అని బాధ వేసింది.

ఇప్పుడు మనవైపు తిరుగుదాం. మనం సబ్‌కాంట్రాక్టరు అయిన రోజున మన కింద ఇంకొకడు ఉంటాడు. ఊళ్లలో పారిశుద్ధ్యం పని చూడండి. చీపురు పట్టేది మనవాళ్లు, టెండరు పట్టేది వేరేవాళ్లు అని ఎంతోకాలంగా అంటున్నాం. రేపు టెండరు మనవాడు పట్టాడనుకోండి. చీపురు పట్టిన అక్కకు పీఎఫ్ కడతాడా? ఈఎస్ఐ కడతాడా? "పైనుంచి బిల్లు రాలేదు" అని ఆమె జీతం ఆపుతాడా? కూలివాడి జీతం సూర్యుడు అస్తమించకముందే ఇవ్వమన్న ధర్మశాస్త్రం పెద్ద కంపెనీకి మాత్రమే రాయలేదు. ఆపిన కూలి దేవుని చెవిన మొరపెడుతుందని యాకోబు రాసింది పొలం యజమానుల గురించే, వాళ్లలో విశ్వాసులు లేరని చెప్పలేదు. 45 రోజుల చట్టం మనకు కావాలంటే, ఏడో తారీఖు జీతం మన దగ్గర మొదలవ్వాలి.

ఇంకో కష్టమైన మాట ఉంది. "క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇస్తే ఉన్న వాటా తగ్గిపోదా?" అని హిందూ దళిత సహోదరులు అడుగుతున్నారు. ముఖ్యంగా అరుంధతీయులు. తమిళనాడులో ఎస్సీల 18 శాతంలో 3 శాతం విడిగా వాళ్లకు 2009లో వచ్చింది, ఎంతో పోరాటం తర్వాత. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసిపారేయం. ఆకలిగా ఉన్నవాడి కంచంలోంచి మనకు పెట్టమని అడగడం లేదు. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎస్సీల్లో ఉపవర్గీకరణ చేయవచ్చని చెప్పింది. అంటే వచ్చేవాళ్ల జనాభాతో పాటు వాటా పెంచి, దాన్ని విడిగా కేటాయించే దారి గురించి మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకోవాల్సింది ముందు మన మాదిగపల్లెలోనే, ఒకే రక్తం పంచుకున్న హిందూ, క్రైస్తవ అన్నదమ్ముల మధ్య.

ఆశ లేదా అంటే ఉంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టొద్దని సిఫారసు చేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఆ తర్వాత నెలలోనే తమిళనాడు శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానాలు చేశాయి. 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. రెండేళ్ల గడువు ఇచ్చి, తర్వాత పెంచుతూ వచ్చారు. కమిషన్లు వస్తాయి, పోతాయి. కానీ ప్రతి కమిషనూ, ప్రతి కోర్టూ సూసైని అడిగినదే అడుగుతుంది. ఆధారాలేవి?

సంఖ్యాకాండంలో సెలోపెహాదు అయిదుగురు కుమార్తెలు మీకు గుర్తున్నారు కదా. తండ్రి చనిపోయాడు, కొడుకులు లేరు. ఆనాటి నియమం ప్రకారం కూతుళ్లకు స్వాస్థ్యం లేదు. వాళ్లు మగవేషం వేసుకుని అడగలేదు. వేరే మగవాడి పేరు పెట్టలేదు. ఇంట్లో కూర్చుని ఏడవనూ లేదు. ప్రత్యక్ష గుడారపు ద్వారం దగ్గర మోషే ముందు, ప్రధానుల ముందు, సర్వసమాజం ముందు నిలబడి, మేము ఫలానావాడి కూతుళ్లం అని సొంత పేరుతో అడిగారు. దేవుడు వాళ్లు అడిగింది న్యాయం అన్నాడు. నియమం మారింది, వాళ్లకే కాదు, తర్వాత వచ్చిన ప్రతి కూతురికీ.

మేము ఈ రోజు మిమ్మల్ని అడిగేది ఆ నిలబడటమే. అయితే మిమ్మల్ని ఒంటరిగా నిలబెట్టం. కాపరులుగా మేము మూడు పనులు చేస్తామని మీ ముందు ఒప్పుకుంటున్నాం. ప్రతి నెలా ఒక శనివారం సాయంత్రం సంఘం హాలు రిజిస్ట్రేషన్లకు, టెండరు కాగితాలకు, ఆగిన బిల్లుల ఉత్తరాలకు తెరిచి ఉంటుంది. విశ్వాసి, అవిశ్వాసి అని చూడం. రెండు, మతం వల్ల పని పోయినవాళ్ల వివరాలు, సంఘాల్లో కుల వివక్ష వివరాలు తేదీలతో సహా రాసిపెడతాం, మా పేర్లు చెడినా సరే. మూడు, భయంతో ఎస్సీ అని పెట్టుకున్న సహోదరుణ్ణి బల్ల దగ్గర నుంచి లేపం. ఆయన భయానికి కారణమైన పేరాను మార్చమని అడుగుతాం.

మీరు చేయాల్సింది ఒకటే. ఇకమీదట ఆ గడి దగ్గర వేలు ఆగినప్పుడు, అబద్ధం పెట్టకముందు, ఫోన్ మూసేయకముందు, మమ్మల్ని పిలవండి. ఆ గడి ముందు కలిసి కూర్చుందాం.

ప్రభువు మీ చేతుల పనిని స్థిరపరచును గాక.